అడగకుండా కనిపెట్టి ఉండడం

కాచుకొని ఉండడంలో రెండు పద్ధతులు ఉన్నవి. మొదటిది, నిమిషానికి ఒకసారి లేచివెళ్ళి చూచి రావడం. రెండవది, "ఫలానిది జరిగినప్పుడు నన్ను పిలువు" అని ఒకరికి అప్పగించి మన పని మనం చూచుకొనడం. టపా కోసం గుమ్మంలో నిలబడేవారు మొదటి తెగ. టపావాడు కేక వేస్తాడులే అని లోపల పప్పు రుబ్బుకొనేవారు రెండవ తెగ. రెండవ తెగవారికి పని సాగుతుంది, కాళ్ళు నొప్పిపుట్టవు. ఐతే వారికి ఒక ధైర్యం కావాలి: పిలవవలసినవాడు తప్పక పిలుస్తాడన్న ధైర్యం. ఆ ధైర్యం దేనిమీద నిలుస్తుంది, ఎంతవరకు నిలుస్తుంది అన్నదే మేము ఇక్కడ చెప్పదలచిన సంగతి.

కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాసేవారికి కూడా సరిగా ఈ రెండు దారులే ఉన్నవి. మన పత్రిక వెళ్ళే ఇళ్ళలో ఆ పని చేసే పిల్లలు లేని ఇల్లు అరుదు. బెంగుళూరులోనో, పూనాలోనో, సముద్రాల అవతలనో కూర్చొని రోజంతా ఏమి చేస్తారర్రా అని పెద్దలు అడిగితే, "చెప్పినా మీకు తెలియదులే" అన్న జవాబు వస్తుంది. అది న్యాయమైన జవాబు కాదు. ఆ పనిలో కనీసం ఒక భాగం ప్రతి ఇంటివారికీ తెలిసినదే. మాకు అది మా అమ్మ మంచం పక్కన తెలిసింది.

మేము అంటే మేమిద్దరం, భార్యాభర్తలం. బరంపురంలో మా కుటుంబానికి ఇది నాలుగవ తరం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం అందులో చేరడానికి ముందే మా పెద్దలు ఇక్కడ ఇల్లు కట్టుకొన్నారు. అమ్మ మాలో ఒకరికి కన్నతల్లి, ఇంకొకరికి అత్తగారు. పిలవడం మాత్రం ఇద్దరమూ అమ్మ అనే పిలిచేవాళ్ళం. 2017లో ఆవిడకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. గాలిలోనుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సన్‌ట్రేటరు ఇంట్లో పెట్టించవలసి వచ్చింది. వేలికి తగిలించే ఆక్సీమీటరులో అంకె 88కి తగ్గకుండా చూచుకోమని, తగ్గితే ఆలస్యం చేయవద్దని డాక్టరుగారు చెప్పారు.

ఆ మాటతో మా ఇంట్లో నిద్ర కరువైంది. రాత్రి పది నిమిషాలకు ఒకసారి ఇద్దరిలో ఎవరో ఒకరం లేచి, దీపం వేసి, వేలికి ఆ బిళ్ళ తగిలించి, "అమ్మా, ఎట్లా ఉన్నది?" అని అడిగేవాళ్ళం. వారం రోజులు ఓర్చుకొని ఆవిడ ఒక రాత్రి విసుక్కొన్నది.

"మీరు అడగకుండా ఉంటే బాగానే ఉంటుందర్రా. ఇట్లా లేపుతూ ఉంటే నేను నిద్రపోయేదెప్పుడు? ఏమన్నా అయితే నేనే పిలుస్తాను. పోయి పడుకోండి."

ఆ మాట విని మాలో ఒకరం నవ్వాము, ఒకరం నవ్వలేదు. నవ్వినవారు పగలు ప్రోగ్రాములు వ్రాసేవారు. అమ్మ తెలియకుండానే ఆ విద్యలోని మొదటి పాఠం చెప్పేసిందని వారి సంతోషం. నవ్వనివారు ఒకే మాట అన్నారు: "పిలవలేకపోతే?"

ఈ రెండు మాటల మధ్యనే మేము ఆ తరువాత కట్టుకొన్న యంత్రమంతా ఉన్నది.

మొదట అమ్మ మాట సంగతి చూద్దాము. ప్రోగ్రాము మాటిమాటికి వెళ్ళి "ఏమన్నా వచ్చిందా, ఏమన్నా వచ్చిందా" అని అడగడాన్ని పోలింగు అంటారు. తరచుగా అడిగితే వృథా, అరుదుగా అడిగితే ఆలస్యం. పోనీ, ఒక తలుపు దగ్గరనే కూర్చుందామంటే, ఆ తలుపు తెరుచుకొనేదాకా మిగిలిన తలుపులను పట్టించుకొనేవారు ఉండరు. ఆక్సీమీటరు అంకె కోసం కాచుకొన్న ప్రోగ్రాము అదే సమయంలో కరెంటు పోయిన సంగతి తెలుసుకోలేదు.

ఈ చిక్కు విప్పడానికి పెద్దలు ఎన్నడో దారి కనిపెట్టారు. కంప్యూటరు లోపల అందరికీ యజమానిగా ఉండే కెర్నెల్ అనే భాగం ఉన్నది. దానికి తలుపుల జాబితా అంతా ఇచ్చి, "వీటిలో ఏది కదిలినా నన్ను లేపు" అని చెప్పి ప్రోగ్రాము నిద్రపోవచ్చును. నిద్రలో ఉన్నంతసేపూ అది ప్రాసెసరును తినదు. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ అనే యునిక్స్‌లో సెలెక్ట్ అన్న పేరుతో ఈ సదుపాయం ఉన్నది. దానికి ప్రతిసారీ మొత్తం జాబితా మళ్ళీ అప్పగించాలి, కెర్నెల్ ప్రతిసారీ మొదటినుంచి చివరిదాకా చూడాలి. పది తలుపులైతే సరే, పదివేలైతే కష్టం. 2000లో ఫ్రీబీఎస్‌డీలో కేక్యూ వచ్చింది, 2002లో లినక్స్ కెర్నెల్‌లో ఈపోల్ చేరింది. వీటిలో జాబితా కెర్నెల్ దగ్గరనే ఉండిపోతుంది. కదిలిన తలుపుల పేర్లు మాత్రమే చేతికి వస్తవి.

ఒక్కొక్క యంత్రంలో ఒక్కొక్క విధంగా ఉన్న ఈ సదుపాయాలను ఒకే తీరుగా వాడుకొనేందుకు లైబ్రరీలు పుట్టినవి. ఈ లైబ్రరీ పుస్తకాల గది కాదు. ఎవరో ఒకరు శ్రద్ధగా చేసిపెట్టిన పనిముట్ల పెట్టె వంటిది. నీల్స్ ప్రోవోస్ వ్రాసిన లిబ్‌ఈవెంట్ ఒకటి. 2007లో మార్క్ లేమన్ మొదలుపెట్టిన లిబెవ్ ఇంకొకటి. 2009లో ర్యాన్ డాల్ వెలువరించిన నోడ్ జేఎస్ కూడా మొదట్లో ఈ లిబెవ్‌నే ఆధారం చేసుకొన్నది. మేము ఎంచుకొన్నదీ లిబెవ్‌నే. చిన్నది, సీ భాషలో ఉన్నది, అరచేతిలో పట్టే రాస్‌బెరీ పై కంప్యూటరులో హాయిగా నడుస్తుంది.

ఈ లైబ్రరీలో ముఖ్యమైన మాటలు మూడే. వాచర్, కాల్‌బ్యాక్, ఈవెంట్ లూప్. మేము ఇంట్లో వాటిని కావలి, తిరుగుపిలుపు, చుట్టు అని పిలుచుకొన్నాము.

కావలి అంటే ఒక చిన్న కాగితం అనుకోండి. దానిమీద రెండు సంగతులు వ్రాసి ఉంటవి: దేనిని కనిపెట్టాలి, అది జరిగితే ఎవరిని పిలవాలి. ఆ పిలవబడే పనిభాగమే తిరుగుపిలుపు. కాగితం అడుగున మన సొంత గుర్తు కోసం కాస్త చోటు కూడా ఉంటుంది. ఒకే తిరుగుపిలుపు పది కావళ్ళకు పనిచేస్తున్నప్పుడు, ఇది ఎవరి తరఫున వచ్చిన పిలుపో ఆ గుర్తును చూచి తెలుసుకొంటాము. కాగితం వ్రాసినంత మాత్రాన కావలి పనిలోకి రాదు. దానిని మొదలుపెట్టాలి. వద్దనుకొన్నప్పుడు ఆపాలి. పనిలో ఉన్న కావలి కాగితాన్ని చింపివేయరాదు, దానిమీది వ్రాత దిద్దరాదు. ముందు ఆపి, తరువాత దిద్దుకోవాలి. కాగితం మనదే అయినా, చుట్టు దానిని చూస్తూ ఉంటుంది. చిరునామా చెరిపివేసిన కవరు పట్టుకొన్న టపావాడి గతి దానికి పట్టకూడదు గదా.

షోలాపూరులో పవర్‌లూములు నడిపే మన వారికి ఇది మరీ తేలికగా అర్థమవుతుంది. కొన్ని మగ్గాలలో ఒక్కొక్క పడుగు దారానికి ఒక్కొక్క పలుచని లోహపు రేకు తగిలించి ఉంటుంది. దారం బిగువుగా ఉన్నంతసేపు రేకు పైన నిలిచి ఉంటుంది. దారం తెగిందా, రేకు కిందపడి మగ్గం ఆగిపోతుంది. వేల దారాలను ఒక్కొక్కటిగా చూస్తూ ఎవరూ కూర్చోరు. దారమే తన సంగతి చెప్పుకొంటుంది.

ఇక చుట్టు. అది చేసే పని ఇంతే: రాబోయే గడువులలో అన్నిటికంటె దగ్గరది ఏదో చూచుకొంటుంది. అంతవరకు కెర్నెల్ దగ్గర నిద్రపోతుంది. ఏదన్నా కదిలినా, గడువు వచ్చినా మేలుకొంటుంది. పిలవవలసిన తిరుగుపిలుపులను వరుసగా ఒక్కొక్కదానినే పిలుస్తుంది. ఒకేసారి రెండు మూడు పోగుపడితే, మనం ఇచ్చిన ప్రాధాన్యాన్నిబట్టి ముందు దేనిని పిలవాలో నిర్ణయిస్తుంది. ప్రాధాన్యం మైనస్ 2 నుంచి 2 దాకా ఇవ్వవచ్చును. అందరినీ పిలిచి ముగించి మళ్ళీ మొదటికి వస్తుంది. పిలిచేవాడు ఒక్కడే. ఆ సంగతి గుర్తుంచుకోవాలి, దానితో ముందు పని ఉన్నది.

2018 వేసవిలో మేము కట్టినది ఇట్లా ఉన్నది. ఆక్సీమీటరు తీగ మీద ఒక తలుపు కావలి. సెకనుకు ఒక అంకె చొప్పున వస్తూ ఉంటుంది. ఒక్కొక్కసారి కబురు సగమే వస్తుంది. అప్పుడు తిరుగుపిలుపు మిగిలిన సగం కోసం అక్కడ నిలబడిపోకూడదు. చేతికి వచ్చినంత తీసి పక్కన పెట్టుకొని వెనుకకు మరలాలి. మిగిలినది వచ్చినప్పుడు చుట్టు మళ్ళీ పిలుస్తుంది. కరెంటు ఉన్నదో లేదో తెలిపే తీగ మీద ఇంకొక తలుపు కావలి.

అంకె తగ్గితే గంట మోగాలి. కాని అమ్మ చేయి కదిపినా, వేళ్ళు చల్లబడినా ఆక్సీమీటరు ఒకటి రెండు తప్పు అంకెలు చెబుతుంది. ప్రతి తప్పు అంకెకూ గంట మోగితే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. నాలుగు రోజులు పోయిన తరువాత గంటను లెక్కచేసేవారూ ఉండరు. అందుచేత 88కి తగ్గిన మొదటి అంకెతో 20 సెకన్ల వ్యవధి కావలి ఒకటి మొదలవుతుంది. ఆ లోపల మంచి అంకె వస్తే ఆ కావలిని ఆపివేస్తాము. రాకపోతేనే గంట.

గంట మోగించడంలో కూడా ఒక మర్యాద ఉన్నది. గంట కొట్టి, రెండు సెకన్లు ఆగి, గంట ఆపడం అని ఒకే తిరుగుపిలుపులో వ్రాస్తే, ఆ రెండు సెకన్లూ ఇల్లంతా నిలిచిపోయినట్లే. కాబట్టి ఒక తిరుగుపిలుపు గంటను మొదలుపెట్టి, రెండు సెకన్ల గడువు ఒకటి పెట్టి మరలిపోతుంది. ఆ గడువు తీరినప్పుడు ఇంకొక తిరుగుపిలుపు వచ్చి గంటను ఆపుతుంది. పని ఒకటే, రాకడలు రెండు.

రాత్రి 9 గంటలకు వేసుకొనే మాత్ర కోసం ఇంకొక రకం కావలి ఉన్నది. లిబెవ్‌లో వ్యవధిని లెక్కించే టైమర్ వేరు, వేళను చూచే పీరియాడిక్ వేరు. ఈ భేదం మొదట చాదస్తంగా తోచింది. కాని మా చిన్న కంప్యూటరులో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దానికి వేళ తెలియదు. ఇంటర్నెట్ అందిన తరువాత ఒక్క గంతున సరిచేసుకొంటుంది. 20 సెకన్ల గడువు ఆ గంతును నమ్మితే ఎంత ప్రమాదం! వ్యవధి కావలి గోడ గడియారం వంక చూడదు, ఎప్పుడూ ముందుకే నడిచే వేరొక లెక్కను చూస్తుంది. వేళ కావలి గోడ గడియారాన్నే చూస్తుంది, అది సరిపడగానే తానూ సరిపడుతుంది. మాత్రకు వేళ కావాలి, ఊపిరికి వ్యవధి కావాలి.

ఇంతవరకు అమ్మ మాట: "ఏమన్నా అయితే నేనే పిలుస్తాను." ఇక రెండవ మాట: "పిలవలేకపోతే?"

ఇది అడిగినవారు ప్రోగ్రాములు ఎన్నడూ వ్రాసినవారు కారు. కాని ఈ శాస్త్రంలో ఇంతకంటె పెద్ద ప్రశ్న లేదని మా ఇద్దరికీ ఇప్పుడు నమ్మకం. తలుపు కావలి తలుపు కదిలితేనే పిలుస్తుంది. ఆక్సీమీటరు వేలినుంచి జారిపోతే, తీగ ఊడిపోతే, అంకెలే రావు. అంకెలు రాకపోతే తగ్గిన అంకె కూడా రాదు. గంట మోగదు. పక్క గదిలో పడుకొన్నవారికి ఆ మౌనం క్షేమంలాగానే వినబడుతుంది.

దీనికి మందు లిబెవ్‌లోనే ఉన్నది. 15 సెకన్ల వ్యవధి కావలి ఒకటి పెట్టుకొంటాము. అంకె వచ్చినప్పుడల్లా దానిని మళ్ళీ మొదటికి తిప్పుతాము. ఆ పనికి ఈవీ టైమర్ ఎగైన్ అని ఒక సాధనం ఉన్నది. అంకెలు వస్తున్నంతకాలం ఆ గడువు ఎప్పటికీ తీరదు. అంకెలు ఆగిపోతే తీరుతుంది, గంట మోగుతుంది. అనగా ఏమీ జరగకపోవడం కూడా ఒక సంఘటన అవుతుంది. వచ్చిన కబురుకే కాక, రాని కబురుకూ కావలి ఉండాలి. పిలుస్తానన్న మనిషిని నమ్మి నిద్రపోవాలంటే, ఆ మనిషి పిలవలేని స్థితిని కూడా ఎవరో కనిపెట్టి ఉండాలి.

మా ఇద్దరిలో వాదం వచ్చినది ఇంకొక చోట. అంకె తగ్గినప్పుడు విశాఖపట్నంలో ఉన్న వదినగారికి కూడా కబురు వెళ్ళాలని మా కోరిక. ఆవిడ నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. ఆ కబురును గంట మోగించే తిరుగుపిలుపులోనే పంపితే సరిపోతుంది గదా అని ఒకరం, సరిపోదని ఒకరం. పిలిచేవాడు ఒక్కడే అని పైన చెప్పుకొన్నాము. కబురు పంపడానికి పోయిన తిరుగుపిలుపు అవతలివాడి జవాబు కోసం నిలుచుంటే, అది మరలేదాకా చుట్టు ముందుకు కదలదు. నెట్‌వర్కు బాగున్ననాడు అది ఒక సెకను. బాగాలేనినాడు ఎంతసేపో ఎవరు చెప్పగలరు? అంతసేపూ ఆక్సీమీటరును చదివేవారు లేరు, కరెంటును చూచేవారు లేరు, గంటను ఆపేవారు లేరు. ప్రమాదం గురించి చెప్పబోయి ప్రమాదాన్ని కనిపెట్టడం మానివేసినట్లు.

చివరకు తేల్చుకొన్నది ఇది. కబురు పంపే పనికి వేరే చిన్న ప్రోగ్రాము. గంట తిరుగుపిలుపు ముందు గంటను మొదలుపెడుతుంది. తరువాత ఆ చిన్న ప్రోగ్రామును, పిల్లవాణ్ణి టపా ఆఫీసుకు పంపినట్లు, బయలుదేరదీసి వెంటనే మరలిపోతుంది. ఇట్లా పంపిన ప్రోగ్రామును యునిక్స్‌వారు కూడా పిల్ల ప్రాసెస్ అనే అంటారు. వాడు పని ముగించుకొని వచ్చినప్పుడు చెప్పడానికి లిబెవ్‌లో అందుకోసమే ఒక కావలి ఉన్నది. వాడు రాకపోతే? దానికీ 20 సెకన్ల గడువు. గడువు తీరితే వాణ్ణి వెనుకకు పిలిపించి, అయిదు నిమిషాల తరువాత మళ్ళీ పంపుతాము.

బరంపురంవారికి తుఫాను కొత్త కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మా గోపాలపురం దగ్గరనే తీరం దాటింది. ఐదేళ్ళకు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ముందురోజు రాత్రి 11 గంటలకు మా వీధిలో కరెంటు పోయింది. కరెంటు కావలి పిలిచింది, చిన్న బజరు మోగింది. సుమారు 350 వాట్లు తినే కాన్సన్‌ట్రేటరును మా ఇన్వర్టరు రెండు గంటలకు మించి మోయలేదని ముందే లెక్క వేసి ఉన్నాము. అందుచేత కరెంటు పోయిన క్షణంనుంచి గంటసేపటి గడువు పెట్టి ఉన్నది. 12 గంటలకు అది పిలిచింది. అమ్మను సిలిండరు మీదికి మార్చాము. 1500 లీటర్ల సిలిండరు నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు దాటి వస్తుంది. ఇన్వర్టరు మీద ఇక ఆ చిన్న కంప్యూటరు, ఆక్సీమీటరు, గంట మాత్రమే మిగిలినవి. అంకెలు 91, 90, 91 అని వస్తున్నవి. రెండు రోజులుగా సిలిండరు కోసం, నీళ్ళ కోసం తిరిగి ఉన్నామేమో, ఇద్దరికీ కన్ను అంటుకొన్నది.

మూడు గంటలు దాటిన తరువాత గంట మోగింది. మౌనం గంట అది. వెళ్ళి చూస్తే, అమ్మ ఒత్తిగిలడంలో వేలి బిళ్ళ ఊడిపోయింది. దానితోపాటు ముక్కు దగ్గరి గొట్టం కూడా జారి మెడ కిందికి వెళ్ళిపోయింది. పెదవులు నల్లబడుతున్నవి. గొట్టం సరిచేసి, లేపి కూర్చోబెట్టి, వేలికి బిళ్ళ పెడితే 81. కాసేపటికి 86, తరువాత 90.

అమ్మ మాట్లాడగలిగిన తరువాత అన్న మాట మాకు ఇప్పటికీ చెవిలోనే ఉన్నది. "పిలిచానర్రా. గాలిలో మీకు వినబడలేదు."

ఆవిడ తన మాట నిలబెట్టుకొన్నది. పిలుస్తానన్నది, పిలిచింది. ఆ హోరులో ఆ గొంతు పక్క గదికి చేరలేదు, అంతే. అంతవరకు "పిలవలేకపోతే" అనే అనుకొన్నాము. పిలిచినా చేరకపోవడం ఒకటి ఉన్నదని ఆ రాత్రి తెలిసింది. 15 సెకన్ల గడువుకు రెండూ ఒకటే. అది కారణం అడగదు. కబురు రాలేదని మాత్రం చెబుతుంది.

మరునాడు ఆ రాత్రి లెక్కలు తీసి చూచాము. మా ప్రాంతంలో ఫోను టవరు అప్పటికే పడుకొన్నది. వదినగారికి కబురు పట్టుకొని పోయిన పిల్ల ప్రాసెస్ జవాబు లేక నిలుచుండిపోయింది. 20 సెకన్లకు వెనుకకు వచ్చింది, అయిదు నిమిషాలకు మళ్ళీ పోయింది. తెల్లవారేదాకా అదే తంతు. ఐనా అంకెల వరుసలో ఎక్కడా ఒక్క సెకను ఖాళీ లేదు. వేలి బిళ్ళ తిరిగి పెట్టిన క్షణంనుంచి 81 మొదలు ప్రతి అంకె అక్కడ ఉన్నది. కబురు చేరింది మాత్రం రెండవనాటి సాయంత్రం. వదినగారు వెంటనే ఫోను చేసి, "ఇంత ఆలస్యంగానా చెప్పేది?" అని ఇద్దరినీ చివాట్లు పెట్టారు. ఆ చివాట్లు వినడానికి పక్కనే అమ్మ ఉన్నది, అది చాలు మాకు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పడం మా విధి. ఇట్లాంటి యంత్రం డాక్టరుకు బదులు కాదు, మనిషికి బదులు కాదు. గంట మోగితే లేచి వెళ్ళవలసినది మనిషే. గొట్టం సరిచేసినది లైబ్రరీ కాదు. మేము డాక్టరుగారికి చూపించి, ఆయన చెప్పిన హద్దులనే అందులో పెట్టుకొన్నాము.

అమ్మ ఆ తరువాత పధ్నాలుగు నెలలు ఉన్నది. ఆ పధ్నాలుగు నెలలూ రాత్రిళ్ళు నిద్రపోయింది. మేమూ నిద్రపోయాము. వేళకాని వేళ లేచి "ఎట్లా ఉన్నది" అని అడగడం మానివేశాము కాబట్టి, పగలు కూర్చొన్నప్పుడు వేరే మాటలు మాట్లాడుకొనే ఓపిక మాకు మిగిలింది. పెళ్ళినాటి పట్టుచీర ఏ మగ్గం మీద నేయించారో, గంజాం కలెక్టరు కచేరీలో తాతగారు ఏ గుమాస్తాతో తగవు పడ్డారో, అన్నీ చెప్పింది. 2019 డిసెంబరులో ఒక ఉదయం, ఇద్దరమూ పక్కన ఉండగా, గంటలతో పని లేకుండా వెళ్ళిపోయింది.

పదకొండవ రోజు గడిచిన తరువాత ఆ చిన్న కంప్యూటరు ముందు కూర్చొన్నాము. తీగ పీకివేస్తే ఆగిపోయేదే. కాని అట్లా చేయబుద్ధి కాలేదు. ఆక్సీమీటరు కావలిని ఆపాము. మౌనం గడువును ఆపాము. కరెంటు కావలిని, మాత్ర వేళను, అన్నిటినీ ఒక్కొక్కటిగా ఆపాము. లిబెవ్‌లో ఒక నియమం ఉన్నది. పనిలో ఉన్న కావలి ఒక్కటి కూడా మిగలకపోతే చుట్టు తనంతట తానే ముగుస్తుంది. ఎవరూ దానిని బలవంతంగా ఆపనక్కరలేదు. చివరి కావలి ఆగగానే ప్రోగ్రాము లెక్కల పుస్తకంలో తేదీ, వేళ వ్రాసుకొని సెలవు తీసుకొన్నది.

ఆ పెట్టె ఇప్పుడు మా ఇంట్లో లేదు. మా వీధిలోనే ఉన్న ఇంకొక తెలుగు కుటుంబంలో, ఎనభై దాటిన తాతగారి మంచం పక్కన ఉన్నది. ఆయన డాక్టరు చెప్పిన హద్దు వేరు, కాబట్టి అంకెలు మార్చి ఇచ్చాము. కబురు వెళ్ళే చిరునామా వేరు. మౌనం గడువు మాత్రం 15 సెకన్లే ఉంచాము. వాళ్ళ మనుమరాలు ఇంజనీరింగు చదువుతున్నది. కావళ్ళ కాగితాలన్నీ తనకు చూపించి, తిరుగుపిలుపులో ఎన్నడూ నిలబడిపోవద్దని, రాని కబురుకు గడువు పెట్టడం మరువవద్దని, ఈ రెండే చెప్పి వచ్చాము. మన పత్రిక చదివే పిల్లలలో ఈ విద్య నేర్చుకొనేవారికి మా మనవి కూడా ఈ రెండే.

పెట్టెను మంచం పక్కన బిగిస్తూ ఉంటే తాతగారు అనుమానంగా చూచి, "ఇది నన్ను మాటిమాటికీ లేపుతుందా అమ్మాయీ?" అని అడిగారు.

"లేదు తాతగారూ. మీనుంచి కబురు ఆగితే మీవాళ్ళను లేపుతుంది."

"అట్లా అయితే ఉండనీ" అని ఆయన గోడవైపు తిరిగి పడుకొన్నారు.